తిరుగు రింగు

ఆసుపత్రి దుప్పటిని ఒక్కరే మడవలేరు. లాండ్రీలో ఇస్త్రీ చేసే వేడి రోలరు దాటి ఇవతలికి వచ్చేసరికి అది గంజికి అట్టలా బిగుసుకుని, చెయ్యి పెడితే చురుక్కుమంటుంది. ఇద్దరు చెరో రెండు కొసలూ పట్టుకుని వెనక్కి నడవాలి. ఒకసారి గట్టిగా దులిపి, కొసకు కొస కలిపి, మళ్ళీ ఎదురెదురుగా రావాలి. చేతులు చేతులకు తగిలినప్పుడు ఒకరు వదిలేసి, వంగి కింది మడత అందుకోవాలి. ఆమె ఎప్పుడూ కిటికీ వైపు కొసలు పట్టేది. అవతలి కొసలు గంజి అక్కవి. మొదట గంజి తొట్టి దగ్గర పనికి కుదిరింది గనక ఆవిడకు ఆ పేరు నిలిచిపోయింది. అసలు పేరు జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రాదు.

పొద్దుటి నుంచి సాయంత్రం దాకా ఇద్దరూ అలా ఒకరికొకరు ఎదురు వస్తూ, వెనక్కి పోతూ ఉంటారు. రోలరు హోరులో దూరం నుంచి మాట వినపడదు. అందుకని మాటలన్నీ దగ్గరికి వచ్చినప్పుడే. సగంలో తెగిన మాట తర్వాతి దుప్పటితో పూర్తవుతుంది.

ఆవిరికి ఫోన్లు పాడైపోతాయని అందరూ ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి గోడ మేకులకు తగిలించుకుంటారు. భోజనాల గంట కాగానే ఆమె చేతులైనా కడుక్కోకుండా ముందు ఆ సంచి విప్పుతుంది. బళ్ళో భోజనాల గంటా, ఇక్కడి గంటా ఒకే వేళకు. కూతురి ఫోనుకు ఒక్క రింగు ఇచ్చి పెట్టేస్తుంది. తిన్నావా అని దానర్థం. అటు నుంచి ఒక్క రింగు తిరిగి వస్తుంది. తింటున్నాను అని. ఎత్తేది లేదు, మాట్లాడేది లేదు. ఆ తిరుగు రింగు వచ్చాకే ఆమె తన క్యారేజీ మూత తీస్తుంది. పిల్ల జ్వరం పడి లేచి, టిఫిన్ బాక్సు తెరవకుండానే ఇంటికి తెస్తున్న రోజుల్లో పెట్టుకున్న ఏర్పాటది. పిల్ల ఇప్పుడు తొమ్మిదో తరగతి. జ్వరం సంగతి ఎవరికీ జ్ఞాపకం లేదు గానీ ఏర్పాటు మాత్రం అలాగే ఉండిపోయింది.

"కూతురు తింటే నీ కడుపు నిండుతుంది," అనేది గంజి అక్క. "ఆ క్యారేజీ మోసుకురావడం దేనికే? ఫోనొక్కటీ తెచ్చుకో, చాలు."

ఆ రోజు రోలరు బెల్టు తెగింది. హోరు ఒక్కసారిగా ఆగిపోయేసరికి అందరికీ చెవులు మూసుకుపోయినట్టయింది. మేస్త్రీ వచ్చి చూసి, మెకానిక్కుకు కబురు పెట్టి, ఈలోగా అన్నాలు తినేసి రండి, మళ్ళీ భోజనానికి విడిగా వదలను అన్నాడు. ఆమె గోడ వారగా చేరి, సంచి విప్పి, ఒక్క రింగు ఇచ్చింది. తిరిగి రాలేదు. సిగ్నల్ లేదేమోనని లేచి కిటికీ దగ్గర నిలబడి మళ్ళీ ఇచ్చింది. రాలేదు. మూడోసారి పెట్టెయ్యకుండా మోగనిచ్చింది. చాలాసేపు మోగి, మధ్యలో ఎవరో గొంతు నొక్కినట్టు ఆగిపోయింది.

అప్పుడు గోడ గడియారం వైపు చూసింది. బళ్ళో ఇంకా పాఠం నడుస్తున్న వేళ.

ఆ పూట ఆమె క్యారేజీ తెరవలేదు. మడతల్లో రెండుసార్లు కొసలు తారుమారయ్యాయి. గంజి అక్క మళ్ళీ దులిపింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి పిల్ల పంపు దగ్గర టిఫిన్ బాక్సు కడుగుతోంది. వెనక్కి తిరక్కుండానే చెప్పింది.

"ఫోన్ తీసేసుకున్నారమ్మా."

"నా మూలంగానే. వేళ చూసుకోలేదు నేను."

"సైలెంట్లో పెట్టుకోవాల్సింది నేను. నువ్వేం చేస్తావ్."

క్లాసులో ఏమైందని అడిగితే, పుస్తకాల సంచి అడుగున మోగుతుంటే తీసి ఆపేలోగా ఎవరో, అది పాత కాలం ఫోను టీచర్, అంత తొందరగా ఊరుకోదు అన్నారనీ, అందరూ నవ్వారనీ చెప్పింది. చెబుతూ తనూ నవ్వింది. ఈ ఏడు మొదటి నుంచీ బళ్ళో ఫోను కనబడితే తీసుకుని స్టాఫ్‌రూము బీరువాలో పెడుతున్నారు. మళ్ళీ పరీక్షలయ్యాకే ఇవ్వడం. ఆ సంగతి ఆమెకు తెలుసు. అది బొమ్మలాడే ఫోన్ల గురించి గానీ తమ దాని గురించి కాదనుకుంది.

"మన ఫోన్లో ఏముందని? ఆటలా, సినిమాలా? నొక్కితే మోగుతుంది. అంతేగా."

"మోగిందనేగా తీసుకున్నారు."

ఆమె తీగ మీద ఆరిన బట్టలు తీసుకొచ్చి మంచం మీద పడేసింది. పిల్ల చేతులు తుడుచుకుని వచ్చి దుప్పటి కొసలు అందుకుంది. ఇద్దరూ వెనక్కి జరిగి, దులిపి, ఎదురు వచ్చారు. గది చిన్నది, అడుగు తీసి అడుగు వేసేలోగా దగ్గరైపోతారు. ఇదివరకు పిల్ల చేతుల్లో కొసలు అందుకోవాలంటే ఆమె వంగాల్సి వచ్చేది. ఇప్పుడు పిల్ల చేతులు ఆమె చేతులకు సరిసమానంగా వచ్చి ఆగాయి. ఎప్పుడు జరిగిందో ఆమె చూడనే లేదు. పిల్ల కొసలు ఆమె వేళ్ళలో పెట్టి, ఏదో పాట సన్నగా అనుకుంటూ పుస్తకాల వైపు వెళ్ళిపోయింది.

మర్నాడు భోజనాల గంటకు ఆమె ఫోను తీసి, కాసేపు చేత్తో పట్టుకుని, ఒక్క రింగు ఇచ్చింది. ఎత్తేవాళ్ళు లేరని తెలుసు. ఎక్కడో ఇనప బీరువాలో, పెద్ద పెద్ద ఫోన్ల మధ్య తమ చిన్న ఫోను ఒకసారి ఉలిక్కిపడి ఊరుకుని ఉంటుందనుకుంది. ఆ పాటి మోగినా ఏదో ఊరట. తిరుగు రింగు లేదు గనక తిండి సహించలేదు. సగం క్యారేజీ ఇంటికి తిరిగి వచ్చింది. పిల్ల గిన్నె తీసి చూసింది. ఆ మర్నాడూ అంతే. పిల్ల మళ్ళీ గిన్నె చూసింది.

ఆ తర్వాత రోజు ఆమె రింగు ఇచ్చి, ఫోను సంచిలో చుట్టబోతూ ఉంటే చేతిలోనే ఒక్కసారి మోగి ఆగింది. తెర మీద కూతురి నంబరు.

ఆ పూట గిన్నె అడుగు కనపడేదాకా తింది. గంజి అక్క దగ్గర పచ్చడి కూడా అడిగి వేయించుకుంది. ఫోను ఇచ్చేశారన్నమాట, పిల్ల బతిమాలుకుని ఉంటుంది అనుకుంటూ సాయంత్రం దాకా దుప్పట్లు తేలిగ్గా మడిచింది.

"ఫోన్ వచ్చిందా?" అంది గుమ్మంలో చెప్పులు విడుస్తూనే.

"ఎక్కడిదీ. పరీక్షలయ్యేదాకా ఇవ్వరట," అంది పిల్ల పుస్తకంలోంచి తలెత్తకుండా.

పిల్ల పంపు దగ్గరికి వెళ్ళినప్పుడు పుస్తకాల సంచి ఒకసారి తడిమి చూసింది. ఫోను లేదు. తడిమినందుకు ఆమెకే సిగ్గేసింది.

మర్నాడు మళ్ళీ తిరుగు రింగు వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. తింటూనే తెర మీది నంబరు మళ్ళీ మళ్ళీ చూసేది. తన పిల్ల ఫోను ఎవరి చేతిలో ఉంది? తాళం వేసిన బీరువాలోంచి తనకు జవాబిస్తున్నది ఎవరు?

"దెయ్యమయ్యుంటుంది," అంది గంజి అక్క దుప్పటితో ఎదురు వస్తూ. వెనక్కి వెళ్ళి, మళ్ళీ వచ్చి, "లెక్కలు రాని దెయ్యం. ఒకటి దాటి లెక్కపెట్టడం లేదు," అని పూర్తి చేసింది.

ఆమెకు నవ్వు రాలేదు. ఎవరో తమ ఇంటి మాట విని, తమ గొంతుతో బదులు చెబుతున్నట్టుంది. అడగాలి. ఎవరో ఒకర్ని నిలబెట్టి అడగాలి.

అడిగే వీలు తొందరగానే వచ్చింది. ఫోన్ల గురించి తల్లిదండ్రులు గొడవ చేస్తున్నారని హెడ్మాస్టరు అందరినీ పిలిపించాడు. ఆమెకు అది సెలవు రోజు. పొద్దున్నే వెళ్ళి పిల్లల బల్లల్లో ఒక దాంట్లో ఇరుక్కుని కూర్చుంది. పెద్దవాళ్ళ మోకాళ్ళన్నీ బల్లలకు కొట్టుకుంటున్నాయి. అందరూ శిక్ష పడ్డ పిల్లల్లా ఒద్దికగా ఉన్నారు, ఒక్క బస్సు డ్రైవరు తప్ప. ఆయన లేచి నిలబడే మాట్లాడాడు. తన కూతురు రెండు బస్సులు మారి రావాలనీ, దారిలో బస్సు ఆగిపోతే కబురెలా తెలుస్తుందనీ, బస్సులు ఎన్నిసార్లు ఆగిపోతాయో తనకంటే ఎవరికి తెలుసుననీ అడిగాడు. రెడీమేడ్ బట్టల షాపావిడ, మా వాడి ఫోను ఇవ్వొద్దు, ఉంచుకోండి, వీలైతే వాణ్ణి కూడా సెలవుల్లో ఉంచుకోండి అంది. అందరూ నవ్వారు. మందుల షాపాయన గొంతు సవరించుకుని, పాఠం మధ్యలో టీచర్ల ఫోన్లు మోగితే అవి ఏ బీరువాలో పెడతారని నెమ్మదిగా అడిగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. హెడ్మాస్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆమె దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలు నోట్లోనే ఉన్నాయి. మా పిల్ల ఫోను ఎవరు ముట్టుకుంటున్నారు అని అడగాలి. కానీ ఆ వెంటనే, ఒక్క రింగు ఏమిటి, తిరుగు రింగు ఏమిటి అని అంతమందిలో చెప్పుకోవాలి. బస్సు ఆగిపోవడం లాంటి మాట కాదది. చెప్పేకొద్దీ చిన్నదైపోతుంది. ఊరుకుంది.

చివరికి హెడ్మాస్టరు దిగివచ్చాడు. కావలసిన వాళ్ళు ఇవాళే లెక్కల టీచరు దగ్గర ఫోన్లు తీసుకోవచ్చు, రెండోసారి దొరికితే మాత్రం పరీక్షల దాకా మాట్లాడొద్దు అన్నాడు.

స్టాఫ్‌రూములో లెక్కల టీచరు ఒక్కతే ఉంది. బీరువా తాళం చెవి పురికొసకు కట్టి మణికట్టుకు చుట్టుకుని ఉంది. ఒక్కొక్కరికీ వాళ్ళ ఫోను తీసి ఇస్తూ, జాగ్రత్తండీ అంటోంది, అదే గొంతుతో, ఎక్కువా తక్కువా లేకుండా. బల్ల మీద రెండు గిన్నెల క్యారేజీ, పక్కనే బోర్లించిన ఫోను. అందరూ వెళ్ళేదాకా ఆమె తలుపు దగ్గరే నిలబడింది.

ఆఖరున టీచరు పై అరలోంచి చిన్న ఫోను తీసింది. అది మిగతావాటితో కలిపి లేదు. విడిగా, మడిచిన చేతిరుమాలు మీద పెట్టి ఉంటే, రుమాలుతో సహా తెచ్చి బల్ల మీద పెట్టింది.

"మీదే కదమ్మా ఇది. చార్జింగు దిగిపోతోందని మొన్న పెట్టాను."

ఆమె ఒక అడుగు లోపలికి వేసింది.

"తిరిగి ఇచ్చేది మీరేనా అండీ? ఆ రింగు."

"నేనే. మీ అమ్మాయి అడిగింది."

అప్పుడే భోజనాల గంట కొట్టారు. మెట్ల మీద అడుగుల చప్పుడు వానలా దిగిపోయింది. టీచరు కుర్చీ ఒకటి కిటికీ దగ్గరికి జరిపి, కూర్చోండి, ఇక్కడి నుంచి కనపడుతుంది అంది. ఏం కనపడుతుందో చెప్పలేదు.

కూర్చున్నాక నెమ్మదిగా చెప్పింది. ఫోను తీసుకున్న కొద్దిరోజులకు పిల్ల తన దగ్గరికి వచ్చిందనీ, ఇచ్చెయ్యమని బతిమాలడానికే అనుకున్నాననీ చెప్పింది.

"ఇవ్వొద్దని చెప్పడానికి వచ్చిందమ్మా. మా అమ్మకి తెలియనివ్వకండి టీచర్, అది మోగినప్పుడు మీరు ఒక్క రింగు తిరిగి కొట్టండి చాలు, లేకపోతే అమ్మ తినడం లేదు, అంది."

ఆమె కిటికీ చువ్వ పట్టుకుంది.

మిగతాది కూడా టీచరు దాచలేదు. ఫోను ఎవరి కంటా పడకూడదు గనక, గంట కాగానే అందరూ కిందికి పరుగెత్తినా ఈ పిల్ల బెంచీలోనే ఉండిపోయేది. సంచిలో చెయ్యి పెట్టుకుని రింగు కోసం కూర్చునేది. రింగు వచ్చి, తను ఇచ్చి, అప్పుడు ఒక్కతే బాక్సు తెరిచి తినేది. కిందికి దిగేసరికి మిగతావాళ్ళ తినడాలు అయిపోయి ఆటల్లో జట్లు కూడా కట్టేసి ఉండేవారు. అటుగా వెళుతూ రోజూ చూసేదాన్ననీ, ఎవరితోనూ కలవని పిల్ల అనుకున్నాననీ టీచరు అంది.

కింద పంపు పక్కన మెట్ల మీద అయిదారుగురు ఆడపిల్లలు గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో తన పిల్ల. ఎవరో బాక్సులో చెయ్యి పెడితే ఒక్కటేసింది. ఇంకెవరి బాక్సులోంచో తను లాక్కుంది. నోటి నిండా పెట్టుకుని ఏదో చెబుతోంది, చెప్పలేక చేతులు తిప్పుతోంది, అవతలివాళ్ళు పడీపడీ నవ్వుతున్నారు. ఆ పిల్ల అంతసేపు మాట్లాడగలదని ఆమెకు తెలియదు. ఇంట్లో అన్నం ముందు కూర్చుంటే అయిదు నిమిషాల్లో లేచిపోతుంది.

ఒక్కసారి తలెత్తి ఇటు చూస్తే బాగుండుననిపించింది. చూడకపోతేనే బాగుండుననీ అనిపించింది. పిల్ల చూడలేదు.

వెనక క్యారేజీ విప్పిన చప్పుడైంది. టీచరు పై గిన్నె తీసి పక్కన పెట్టుకుని మూత తెరిచింది. కింది గిన్నె మూత అలాగే ఉంచింది. ఆమె చూపు దాని మీద పడటం గమనించి, "అలవాటు కొద్దీ ఇద్దరికీ వండేసి, రెండూ సర్దేస్తున్నాను," అంది.

ఈ ఏడు మొదట్లో లెక్కల టీచరు చాలా రోజులు రాలేదనీ, ఎవరో కొత్త సారు వచ్చి తప్పులు చెబుతున్నాడనీ పిల్ల ఇంట్లో అనడం ఆమెకు అప్పుడు గుర్తొచ్చింది. ఎందుకు రాలేదని తను అడగలేదు.

"మొదటిసారి అది మోగినప్పుడు లేచి నా సంచి వెతుక్కున్నాను," అంది టీచరు, గిన్నెలోకి చూస్తూ. "ఆ వేళకు మా ఆయన ఫోన్ చేసేవారు. తిన్నావా అని ఏనాడూ అడగలేదు లెండి. పంపులో నీళ్ళొచ్చాయనీ, కత్తెర ఎక్కడ పెట్టావనీ, అంతే. చూస్తే నా ఫోను బల్ల మీదే ఉంది. మోగింది బీరువా."

ఆమెకు ఏదైనా అనాలనిపించింది. అలాంటప్పుడు అనే మాటలన్నీ ఎవరో వాడి వదిలేసినట్టు అనిపించాయి. ఫోను కింద మడత జారిన చేతిరుమాలు తీసి, కొస కొసకు కలిపి, గీత తిన్నగా వచ్చేలా గోటితో నొక్కి మడిచి పెట్టింది.

"ఫోను మీ దగ్గరే ఉండనివ్వండి," అంది.

"తీసుకెళ్ళొచ్చమ్మా. హెడ్మాస్టరుగారు ఇమ్మన్నారుగా."

"వద్దందిగా అది. పరీక్షలయ్యేదాకా ఉండనివ్వండి."

టీచరు ఫోను చేతిలోకి తీసుకుని దాని మీట ఒకటి వేలితో తుడిచింది.

"అయితే ఇంక మోగదన్నమాట."

"ఇంకెందుకండీ. పిల్ల తింటోందిగా."

"అవును," అంది టీచరు. రుమాలు మళ్ళీ పై అరలో సర్ది, దాని మీద ఫోను పెట్టి, బీరువా మూసి తాళం వేసింది. పడిందో లేదోనని పిడి లాగి చూసింది, మళ్ళీ ఒకసారి లాగింది. వచ్చి కూర్చుని, ఒక్క ముద్దయినా తినని గిన్నె మీద మూత పెట్టేసింది.

ఆ సాయంత్రం పిల్ల గుమ్మంలోనే అడిగింది, మీటింగులో ఏమన్నారని.

"పరీక్షలయ్యేదాకా ఇవ్వరట," అంది ఆమె, ఆరిన బట్టలు మంచం మీద వేస్తూ.

పిల్ల ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూసింది. ఆమె దుప్పటి అందించింది. ఇద్దరూ కొసలు పట్టుకుని వెనక్కి జరిగారు.

"నువ్వు తింటున్నావు కదా మరి?" అంది పిల్ల ఎదురు వస్తూ.

"శుభ్రంగా తింటున్నాను. గిన్నె చూస్తున్నావుగా."

పిల్ల కొసలు అందించి వెళ్ళిపోయింది. వేళ్ళు వేళ్ళకు తగిలినంతసేపే. ఆ కాస్తసేపూ ఇంకొంచెం ఉంటే బాగుండునని, ఆమె మడిచిన దుప్పటిని విప్పి మళ్ళీ మడిచింది.

మర్నాడు భోజనాల గంటకు ఆమె ముందు చేతులు కడుక్కుంది. ఫోను సంచి మేకుకే ఉంది. క్యారేజీ మూత తీసి మొదటి ముద్ద కలిపింది. గంజి అక్క ఆమెనూ, మేకునూ, మళ్ళీ ఆమెనూ చూసింది.

"ఏమే, ఇవాళ దెయ్యానికి సెలవా?"

"పిల్ల తింటోందక్కా. నిన్న చూశాను."

తింది. రుచిగానే ఉంది. ఇప్పుడు ఆ మెట్ల మీద ఎవరు ఎవరి బాక్సులో చెయ్యి పెడుతున్నారో అనుకుంటూ తింది. ఏ తిరుగు రింగూ అంత వివరంగా ఏనాడూ చెప్పలేదు. సగంలో ఉండగా, పై గది కిటికీ కూడా కళ్ళ ముందుకు వచ్చింది. మూత పెట్టేసిన గిన్నె, మూత తీయని గిన్నె. తాళం పడినా మళ్ళీ లాగి చూసిన చెయ్యి. ఇంక మోగదన్నమాట అన్న మాట అప్పుడు సరిగ్గా చెవిలో పడింది.

ఎడం చేత్తో సంచి విప్పింది. ఒక్క రింగు ఇచ్చి పెట్టేసింది.

వెంటనే ఏమీ రాలేదు. ఆమె మిగతాది తినేసింది. గిన్నె కడిగింది. అయినా రాలేదు. టీచరు తాళం తియ్యాలి, రుమాలు మీది నుంచి అందుకోవాలి, ఆలోచించుకోవాలి అనుకుంది. పని గంట కొట్టారు. ఫోను చుట్టి మేకుకు తగిలించి, కిటికీ వైపు కొసలు అందుకుంది. రోలరు ఇంకా హోరెత్తలేదు. పొద్దుటి దుప్పట్లే ఉన్నాయి మడతకు.

దులిపారు. కొసలు కలిపారు. ఎదురు నడుస్తూ సగం దూరంలో ఉండగా, గోడ మీద ప్లాస్టిక్ సంచి సన్నగా గరగరమంది. లోపల ఫోను ఒక్కసారి మోగి ఆగింది.

"నీదే. చూసుకో," అంది గంజి అక్క.

"చూడక్కర్లేదక్కా," అంటూ ఆమె ముందుకు నడిచి, కొసలు ఆవిడ చేతుల్లో పెట్టి, కింది మడత అందుకోవడానికి వంగింది.